ఆరో నంబరు

పర్యాటక కార్యాలయం మంగళవారం మూత.
తలుపు పక్క చెక్కపెట్టెలో కరపత్రాలు,
ఒక యూరో వేసి తీసుకోమని రాసుంది.
చూసేవాళ్లెవరూ లేరు. రెండు వేశాను,
చిల్లర లేక.

ఇక నాకు నేనే గైడు.
చినుకుల్లో కాగితం మెత్తబడుతోంది,
ఎల్బే నది నీలిగీత వేలికి అంటుకుంటోంది.

ఒకటి: ఉప్పు బేరగాళ్ల గిడ్డంగి.
ఇప్పుడందులో కళ్లజోళ్లు అమ్ముతున్నారు.
రెండు: సుంకం వసూలు చేసిన ఇల్లు,
పక్కింటి భుజమ్మీద తల వాల్చి
మూడొందల ఏళ్లుగా కునికిపాట్లు పడుతోంది.
మూడు: చర్చి. తాళం.
నాలుగు దగ్గర ఒక పిల్లి
నన్ను పైనుంచి కిందికి చదివి వెళ్లిపోయింది.
ఐదు: తాళ్లు పేనిన వీధి.
వీధి పొడవునా వెనక్కి నడుస్తూ పేనేవారట,
పొద్దస్తమానం
వచ్చిన దారినే చూసుకుంటూ.
నేనూ పదడుగులు వెనక్కి నడిచాను.
ఏదో కిటికీ నవ్వింది.

ఐదు తర్వాత ఏడు.

కాగితం తిప్పి చూశాను, మడత విప్పి చూశాను.
ఇటు ఐదు, అటు ఏడు,
మధ్యలో పచ్చరంగు తలుపు,
పక్కన ఇటుకగోడలో నాలుగు మేకుల చిల్లులు.

తలుపు తీసినాయన ఎకార్ట్.
చేతిలో సగం చెక్కు తీసిన బంగాళదుంప.
"ఆరు కోసమేనా? ఆ పలక నేనే పీకేశాను.
భోంచేస్తుంటే అద్దానికి ముక్కులానించి చూసేవాళ్లు.
నా సూపులో ఏముందో చరిత్రకెందుకు?"
అంటూనే లోపలికి రమ్మన్నాడు,
బూట్లు విప్పి రమ్మన్నాడు.

వంటింటి ద్వారబంధం నిండా గీతలు.
కొన్ని ఆయన పెన్సిలుతో గీసినవి,
కొన్ని నది బురదతో గీసినవి.
మోకాటి లోతు, నడుం లోతు,
అవి వరదలు.
జానెడు, బెత్తెడు, ఒక ఏడు వేలెడంతే,
అది కూతురు.
ఒక్కచోట మాత్రం రెండూ ఒకటే గీత.

"ఆ వేసవికి దానికి ఆరేళ్లు.
జూన్‌లో, పుట్టినరోజున, నేను గీశాను.
ఆగస్టులో నది ఇంట్లోకొచ్చి
నా గీత మీదే దిద్దింది,
వెంట్రుకవాసి తేడా లేకుండా."

ఆ రాత్రి పిల్ల ఎక్కడుందని నేనడగలేదు.
ఆయనే చెప్పాడు:
మేడ మీద, మేలుకునే ఉంది,
టార్చి పట్టుకుని మెట్లు లెక్కపెడుతూ,
నాన్నా, నాలుగు మునిగాయి.
నాన్నా, ఐదు.

ద్వారబంధానికి గాజు బిగిస్తామని
ఊరి కమిటీ మూడు ఉత్తరాలు రాసిందట.
"గాజు పెడితే తలుపెలా వేసుకోను?
చలికాలం వాళ్లొచ్చి అడ్డం నిలబడతారా?"
అంకెలన్నీ మార్చడం ఖర్చని
ఆరుని మాత్రం ఎగరగొట్టి ఊరుకున్నారు.

ఏడు, ఎనిమిది చూశాననే అనుకుంటున్నాను.
తొమ్మిది ఏదో బావి కాబోలు.
ప్రతి గుమ్మం దగ్గరా
నా కళ్లు మోకాటి ఎత్తులోనే వెతుకుతున్నాయి.

పన్నెండు: రేవు.
ఇంజను లేని పంటు.
ఏటి నడుమ లంగరుకి పొడుగాటి తాడు కట్టి
కొంచెం వాలుగా తిప్పి ఉంచితే చాలు,
ప్రవాహమే ఆవలికి నెడుతుంది.
నడిపేది స్వాంత్యె.
దాదాపు ఆరడుగుల మనిషి,
నారింజరంగు కోటు, చెవి వెనక పెన్సిలు.
నా చేతిలో నానిన కాగితం చూసి
"ఆరు చూపించాడా?" అంది.
తలూపాను.
"దుంపలు చెక్కుతున్నాడా?
ఉప్పు తగ్గించమని చెప్పాల్సింది."

టిక్కెట్టు చింపి ఇచ్చింది.
చుక్కాని జానెడు తిప్పింది.
ఎవరూ తొయ్యకుండానే
ఊరు మా నుంచి జరిగింది.
నేను నీళ్లకేసి చూస్తున్నాను, ఎంత లోతోనని.
ఆమె చూడటం లేదు.
అవతలి రేవులో ఒక సైకిలూ ఒక కుక్కా
ఆమె కోసం నిలబడి ఉన్నాయి.